కనకమహాలక్ష్మి ఎడమ కాలు

కనకమహాలక్ష్మి ఎదురుకాళ్ళతో పుట్టింది. తల ముందు రావలసిన చోట కాళ్ళు ముందొచ్చాయి. ఆ రోజు తల్లి దక్కదనే అనుకున్నారు. తల్లీ దక్కింది, పిల్లా దక్కింది, పిల్లకి పుట్టుకతోనే ఒక పని కూడా అంటుకుంది. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు ఎడమ కాలితో మూడుసార్లు తొక్కితే నడుం పట్టు వదిలిపోతుందని మా వైపు గట్టి నమ్మకం. నమ్మనివాళ్ళూ ఉన్నారు గానీ, వాళ్ళు కూడా నడుం పట్టనంత వరకే నమ్మరు.

బందరు పక్కన గిలకలదిండిలో నడుం పట్టని మగవాడు ఉండడు. వలలు లాగేవాళ్ళు, ఐసు పెట్టెలు దించేవాళ్ళు, తెల్లవారేసరికి నాలుగు బుట్టలు మోసేవాళ్ళు. అందుకని ఆరేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచే కనకాన్ని రెక్కలు పట్టుకుని పెద్ద పెద్ద మనుషుల నడుముల మీద నిలబెట్టేవారు. దానికి ఒక పద్ధతి ఉంది. ఆదివారం పొద్దున్నే, మంచినీళ్ళు కూడా ముట్టకుండా, గడపకి అడ్డంగా బోర్లా పడుకోవాలి. కనకం తలస్నానం చేసి వచ్చి, ఎడమ కాలు నడుం మీద ఆనించి, మూడుసార్లు నొక్కి తొక్కాలి. అలా మూడు ఆదివారాలు. డబ్బు ముట్టుకోదు. కొబ్బరికాయ ఇస్తే కాదనదు.

పెళ్ళయి, ఆడపిల్ల తల్లయి, హార్బర్లో పొద్దున వేలంపాటలో పాడుకున్న చేపలు బుట్టకెత్తుకుని షేర్ ఆటోలో బందరు దగ్గరి గూడూరు వెళ్ళి వీధి వీధీ తిరిగి అమ్ముకునే రోజుల్లో కూడా ఆదివారాలు ఆమెవి కావు. గూడూరులో గోవర్ధనరావు గారని సైన్సు మాస్టారు ఉండేవారు. పిల్లలకి మూఢనమ్మకాల మీద వ్యాసం రాయించే మనిషి. ఆయన కూడా ఒక ఆదివారం మసక వెలుతురులో ఆటో దిగి, వంగిన నడుంతోనే నడిచొచ్చి గడప మీద పడుకున్నారు. ఎవరికీ చెప్పొద్దమ్మా అని మరీ మరీ చెప్పి వెళ్ళారు. కనకం నాలుగు రోజుల దాకా నిజంగానే ఎవరికీ చెప్పలేదు.

ఇంతమందిని తొక్కిన కాలు ఒక్క మనిషిని మాత్రం తాకలేదు. అది ఆమె మొగుడు తాతారావు. పెళ్ళాం కాలు మొగుడి ఒంటికి తగలకూడదు. నిద్రలో పొరపాటున తగిలినా లేచి దణ్ణం పెట్టుకునే మనిషి కనకం. తాతారావు బోటు మీద కళాసీ. మాట తక్కువ, చమత్కారం ఎక్కువ. ఊరందరి నడుములకీ మందు నా ఇంట్లోనే ఉంది, నాకే పనికిరాదు అని నవ్వేవాడు.

ఆయనకి నొప్పి సంక్రాంతి వెళ్ళాక మొదలైంది. నడుంకి కాస్త పైన, వెన్ను మధ్యలో. వల లాగినప్పుడు పట్టేసిందనుకున్నారు. ఏప్రిల్‌లో వేట నిషేధం వచ్చింది. రెండు నెలలు బోట్లు కదలవు కాబట్టి ఇంటి దగ్గర వలలు బాగు చేసుకుంటూ కూర్చున్నాడు. పని మానితే తగ్గాల్సిన నొప్పి పని మానాక పెరిగింది. అసలు గుర్తు అక్కడే ఉంది గానీ చదవగలిగిన వాళ్ళు ఎవరూ ఆ ఇంట్లో లేరు. పొద్దు వాలేసరికి ఒళ్ళు వెచ్చబడేది. తెల్లారి చూస్తే బొంత చెమటతో తడిసి ఉండేది. లుంగీ ముడి రోజు రోజుకీ లోపలికి జరుగుతోంది. ఎండల మహిమ అనుకున్నారు. వీధి చివర ఆర్ఎంపీ ఏసుబాబు సూది వేస్తే రెండు రోజులు బాగుండేది, మూడో రోజు మళ్ళీ మొదలు.

మే సగానికి తాతారావు మంచం మీద నుంచి లేవాలంటే ముందు పక్కకి దొర్లి, చేత్తో మంచంకోడు పట్టుకుని, మనిషిని విడతలుగా లేపుకోవాల్సి వచ్చింది. జూన్ పదిహేను నుంచి వేట. బోటు ఎక్కకపోతే ఆ చోటు ఇంకొకడికి పోతుంది. అప్పుడడిగాడు భార్యని, తొక్కమని. కనకం చెవులు మూసుకుంది. పది రోజుల పాటు ఇదే గొడవ. చివరికి అత్తగారు సత్యవతమ్మ తీర్పు చెప్పింది. ముందు వాడి పాదాలకి దణ్ణం పెట్టు, తప్పు కాయమని అడుగు, ఆ తర్వాత తొక్కు, దేవుడు చూసుకుంటాడు అంది. ఆ ఇంట్లో సత్యవతమ్మ మాటకి తిరుగు లేదు.

మొదటి ఆదివారం కనకం కాలు ఆనీ ఆనకుండా తొక్కింది. రెండో ఆదివారం కాస్త ధైర్యం చేసింది. మూడో ఆదివారం, రేపో ఎల్లుండో బోటు కదులుతుందనగా, ఉన్న బలమంతా పెట్టింది. మూడో తొక్కుకి లోపల టక్కుమంది. ఆ శబ్దం వాకిట్లో టీ తాగుతున్నవాళ్ళకి కూడా వినిపించింది. తాతారావు ఒక్క కేక పెట్టి, తర్వాత నవ్వాడు. పట్టు వదిలిందిరా అని అందరూ సంబరపడ్డారు. కనకం అరికాలికి మాత్రం ఏదో తేడాగా తెలిసింది. ఇన్నేళ్ళలో ఎన్ని నడుములు తొక్కినా ఎముక అలా మెత్తగా లోపలికి దిగడం ఆమె ఎరగదు. ఆ మాట పైకి అనలేదు. అందరూ నవ్వుతున్నప్పుడు ఒక్కతే ఏమని అంటుంది?

నాలుగో రోజున బోటు గడువుకి ముందే తిరిగొచ్చింది. ఐసు పెట్టె మూత మీద పడుకోబెట్టి దించారు తాతారావుని. ఊపిరి పీల్చినా నొప్పే. బందరులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఎక్స్‌రే తీస్తే వెన్నుపూస ఒకటి ముందుకు నలిగి ఉంది. ఎక్కడైనా పడ్డావా అని అడిగాడు డాక్టరు. కనకం నోరు తెరిచే లోపే తాతారావు అందుకున్నాడు.

“డెక్కు మీద జారి పడ్డానండి.”

కనకం నేల చూపులు చూస్తూ నిలబడింది. వచ్చేటప్పుడు ఆటోలో, ఎందుకట్టా చెప్పావు మావా అని అడిగితే, ఊళ్ళో అందరూ నీ కాలిని నమ్ముతారు, దాని పేరు ఎందుకు ఆసుపత్రి చీటీలో ఎక్కాలి అన్నాడు. ప్రేమతో చెప్పిన అబద్ధమే. కానీ ఆ అబద్ధం చేసిన పని చూడండి. పడ్డానంటే పడిన మనిషికి చేయవలసిన వైద్యమే చేశాడు డాక్టరు. నడుంకి బెల్టు కట్టి, ఆరు వారాలు మంచం దిగొద్దన్నాడు. జ్వరం సంగతి ఆయన అడగలేదు, వీళ్ళు చెప్పలేదు. విరిగిన ఎముకకీ సాయంత్రపు వెచ్చదనానికీ సంబంధం ఉంటుందని ఎవరు అనుకుంటారు?

ఆ ఆరు వారాలూ బుద్ధిగా మంచం మీదే ఉన్నాడు. అన్నం సయించేది కాదు. మెత్తళ్ళ వేపుడు ఎదురుగా పెట్టినా రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కునేవాడు. పడుకునే ఉంటే ఆకలెక్కడేస్తుంది అనుకుంది కనకం. వెన్ను మధ్యలో చిన్న బొడిపె తేలింది. ఎముక అతుక్కుంటోందనుకుంది. ఇలా ప్రతిదానికీ తనకి తనే ఒక సమాధానం చెప్పుకుంటూ జూలై దాటించింది.

ఆగస్టులో ఒక పొద్దున తాతారావు గోడ పట్టుకుని దొడ్లోకి వెళ్ళొచ్చాడు. ఎడమ కాలి చెప్పు దారిలోనే ఊడిపోయింది. ఆయనకి ఊడిన సంగతే తెలియలేదు. కనకం చెప్పు తెచ్చి కాలికి తొడుగుతుంటే కూడా ఆయన చూపు వేరే ఎటో ఉంది. ఇంకో వారానికి రెండు కాళ్ళూ బరువెక్కాయి. ఆ తర్వాత మూత్రం ఆగకుండా పోవడం మొదలైంది. సిగ్గుపడి రెండు రోజులు దాచాడు. కూతురు శ్రీదుర్గని ముదినేపల్లి ఇచ్చారు. సంగతి తెలిసి వచ్చి, తండ్రిని చూసి, మారు మాట్లాడకుండా వ్యాను పిలిపించి గుడివాడ తీసుకెళ్ళింది. అక్కడ మేధ గారని ఎముకల డాక్టరు ఉంది.

మేధ గారిది చిన్న వయసు. చదువు చెప్పే వాళ్ళింటి పిల్ల. అడిగే తీరులో కూడా ఆ ఓపిక కనిపించేది. మోకాళ్ళ మీద చిన్న సుత్తితో కొట్టి చూసింది. బొడిపె చుట్టూ వేళ్ళతో నొక్కింది. సాయంత్రాలు జ్వరం వస్తుందా, చెమటలు పడతాయా, ఎంత తగ్గారు, చుట్టుపక్కల ఎవరైనా నెలల తరబడి దగ్గారా అని అడిగింది. శ్రీదుర్గకి తెలియదు. తాతారావు ఆలోచించి, మా బోటు నడిపే సరంగు ఏడాది దగ్గాడండి, ఒకే గదిలో పడుకునేవాళ్ళం అన్నాడు. పాత ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసిందామె. డెక్కు మీద జారి పడితే ఎముక ఇలా పోదే, ఎంత ఎత్తు నుంచి పడ్డారు అని మళ్ళీ అడిగింది. తాతారావు తడబడ్డాడు. ఒకసారి డెక్కన్నాడు, ఇంకోసారి నిచ్చెనన్నాడు.

కనకం గోడ దగ్గర నుంచి ముందుకొచ్చింది.

“ఆయన పడలేదండి. నేను తొక్కాను.”

తాతారావు మొహం అటు తిప్పుకున్నాడు. ఒకసారి నోరు పెగిలాక కనకానికి ఆపడం చేతకాలేదు. ఎదురుకాళ్ళ పుట్టుక, మూడు ఆదివారాలు, టక్కుమన్న శబ్దం, అరికాలికి తెలిసిన మెత్తదనం, అంతా చెప్పేసింది. కోప్పడుతుందనుకుంది. కోప్పడి ఉంటే కొంత తేలికపడేదేమో కూడా. మేధ గారు కోప్పడలేదు. తొక్కకముందు నొప్పి ఎన్నాళ్ళ నుంచి ఉందని మాత్రం అడిగింది. అయిదు నెలలు అని చెప్పగానే కలం పక్కన పెట్టి, వెంటనే ఎమ్మారై తీయించాలి అంది.

ఎమ్మారైలో రెండు వెన్నుపూసలు, మధ్యన ఉన్న డిస్కు కలిసి పుచ్చిపోయి ఉన్నాయి. చుట్టూ చీము నిలిచి, కాళ్ళకి వెళ్ళే నరాల కట్టని నొక్కుతోంది. డాక్టరు కంప్యూటరు తెర తిప్పి చూపించి, ఇది ఎముకల క్షయ అయి ఉండాలి అంది. కనకానికి అది నమ్మశక్యం కాలేదు. క్షయ అంటే దగ్గాలి, నెత్తురు పడాలి. ఈయన ఒక్కనాడు దగ్గి ఎరగడు. దగ్గు లేకుండా క్షయ ఏంటండి అని నిలదీసినట్టే అడిగింది. మేధ గారు విసుక్కోకుండా చెప్పింది. ఆ క్రిమి గాలితో లోపలికి వెళ్తుంది. అందరికీ ఊపిరితిత్తుల్లోనే ఆగదు. కొందరికి నెత్తుటిలో పడి వెళ్ళి ఎముకలో కూర్చుంటుంది. చప్పుడు చేయకుండా తింటుంది. బయటికి నడుం నొప్పిలాగే కనిపిస్తుంది. అందరూ నడుం నొప్పికే మందు వేస్తారు.

అనుమానం మీద మందు మొదలుపెట్టడానికి లేదు. ఇలాగే కనిపించే వేరే జబ్బులూ ఉంటాయట, కేన్సరుతో సహా. సూదితో వెన్నులో నుంచి ముక్క తీసి పరీక్షకి పంపాలి. ఆ సూది కోసం బెజవాడ పంపించారు. ఫలితానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ఆసుపత్రి వరండాలో కూర్చుని కనకం దేవుణ్ణి క్షయే కావాలని మొక్కుకుంది. ఫలానా జబ్బు రావాలని మొగుడి కోసం మొక్కుకున్న ఆడదాన్ని నేనైతే ఇంకెక్కడా వినలేదు. అటు చూస్తే కేన్సరు, ఇటు చూస్తే ఇది. ఆమె మొక్కుకోగలిగింది అంతే.

నాలుగో రోజు మేధ గారే ఫోను చేసింది. టీబీయే, మందుకి లొంగే రకమే, భయపడొద్దు అంది. శ్రీదుర్గ పక్కనే ఉండి కళ్ళు తుడుచుకుంది. కనకం ఫోను రెండు చేతులతో పట్టుకుంది.

“నడుస్తాడా అండీ?”

“జబ్బు తగ్గుతుందమ్మా. నడక సంగతి ఇప్పుడే చెప్పలేను. నరం ఎన్నాళ్ళు నలిగిందన్నదాన్ని బట్టి ఉంటుంది.”

“నా కాలు వల్లేనా?”

అబద్ధం చెప్పి ఊరడించడం తేలికే. ఆ డాక్టరు పిల్ల ఆ పని చేయలేదు.

“మీరు తొక్కకపోయినా ఆ ఎముక ఏదో ఒక రోజు కూలేదే. మీరు తొక్కడం వల్ల ముందు కూలిందా అంటే, అయి ఉండొచ్చు. ఎంత ముందో నాకు తెలీదమ్మా. ఎవరికీ తెలీదు.”

బెజవాడలోనే ఆపరేషను చేశారు. చీము తీసి, వెన్నుకి కడ్డీలు బిగించారు. ఏడాదికి తక్కువ కాకుండా రోజూ మందులు మింగాలన్నారు. ఇంట్లో అందరికీ పరీక్షలు చేస్తే ఎవరికీ ఏమీ లేదు. సరంగుని కూడా పిలిపించారు, ఆయనకి ఉంది. పాపం ఆయనకి కూడా తెలియదు. తాతారావుని గిలకలదిండి తెచ్చి ముందు గదిలో మంచం వేశారు. జ్వరం పోయింది. ఆకలి తిరిగొచ్చింది. మొహం నిండుకుంది. నడుం కింద మాత్రం ఏ మార్పూ లేదు.

ఊళ్ళో దీనికి వేరే రోగనిర్ధారణ జరిగింది. అది ఒక్క పూటలో తేలిపోయింది, ఏ సూదీ అవసరం లేకుండా. పెళ్ళాం మొగుణ్ణి తొక్కింది, కాళ్ళు పడిపోయాయి. క్రిమి, గాలి, సరంగు దగ్గు, ఇవన్నీ డాక్టర్లు చెప్పుకునే మాటలు. సత్యవతమ్మ కూడా, నేను తొక్కమన్నానా, దణ్ణం పెట్టుకోమన్నాను అంతే అని పక్కింటివాళ్ళతో అంటుంటే కనకం విన్నది. వాదించలేదు. కొడుకు అలా పడి ఉంటే ఏ తల్లయినా ఆ నింద ఎవరి మీదో ఒకరి మీద వేయక ఉండలేదని ఊరుకుంది. వింత ఏమిటంటే, మొగుణ్ణి తొక్కడమే తప్పన్నవాళ్ళు తమ నడుములు తొక్కించుకోవడానికి మాత్రం వెనుకాడలేదు. ఒక ఆదివారం సీతమ్మ అనే ఆవిడ గడప మీద పడుకోబోయింది. కనకం రెండు చేతులూ పట్టి లేపింది.

“ఎన్నాళ్ళ నుంచి నొప్పి, అక్కా? సాయంత్రాలు జ్వరం వస్తుందా? పెద్దాసుపత్రికి వెళ్ళి ఫొటో తీయించుకో.”

సీతమ్మ మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆదివారాలు ఎవరూ రాలేదు.

మంచం పట్టిన మనిషికి చేయడానికి పనులు చాలానే ఉంటాయి. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, పుండ్లు పడకుండా చూడాలి, మూత్రం గొట్టం మార్చాలి, కాళ్ళు వంచి చాపాలి. ఇవన్నీ కనకం నేర్చుకుంది. చేపల బుట్ట వదినకి అప్పగించింది. ఎన్ని పనులు చేసినా కావలసిన ఒక్క పని ఆమె చేతుల్లో లేదు. పగలంతా ఆ రెండు కాళ్ళని చూస్తూ కూర్చోవడం, అవి ఎవరివో అన్నట్టు పడి ఉండటం, అంతకంటే నరకం ఏముంటుంది?

నెల తిరిగాక చూపించడానికి వెళ్ళినప్పుడు మేధ గారు ఒక పని చెప్పింది. రోజూ ఆయన్ని కళ్ళు మూసుకోమనాలి. చీపురుపుల్లతో అరికాలి మీద, వేళ్ళ మీద తాకాలి. తెలుస్తోందా, ఎక్కడ అని అడగాలి. స్పర్శ తిరిగొస్తే మంచి గుర్తు. రాకపోతే ఆరు నెలల దాకా ఆశ వదలొద్దు. కనకం మర్నాడే మొదలుపెట్టింది. తెలుస్తోందా మావా అంటే, లేదు అనేవాడు. రోజూ అదే ప్రశ్న, రోజూ అదే జవాబు. ఒక్కోసారి పుల్ల ఎర్రగా గీరుకునేంత గట్టిగా గీసేది. ఆయన కళ్ళు మూసుకుని ప్రశాంతంగా ఉండేవాడు. అప్పుడు లేచి వంటింట్లోకి వెళ్ళి గోడకి తల ఆనించుకుని ఏడ్చేది. ఏడ్చిన సంగతి ఆ మనిషికి తెలియకుండా ఉండటానికి ఆ ఇల్లు చాలదు.

అలా యాభై రోజుల పైన గడిచాక, నాగులచవితి వెళ్ళిన మూడో నాడు, తాతారావు తెలుస్తోంది అన్నాడు. చిటికెనవేలు అన్నాడు. కనకం తాకింది చిటికెనవేలు కాదు, మడమ. అయినా తెలిసింది కదా అనుకుంది. మొదట్లో చోటు తికమక పడటం మామూలేనేమో. శ్రీదుర్గకి ఫోను చేసింది, గుడివాడ ఫోను చేసింది. మేధ గారు సంతోషించి, వచ్చే నెల తీసుకురండి, నేను చూస్తాను అంది. సత్యవతమ్మ దేవుడి ముందు దీపం పెట్టింది. ఆ పూట కనకం ఎన్నాళ్ళకో కడుపు నిండా అన్నం తింది.

మర్నాడు పొద్దున మందులు మింగించి, పుల్ల పట్టుకుని మంచం కాళ్ళ దగ్గర కూర్చుంది. తాతారావు చెప్పకముందే కళ్ళు మూసుకున్నాడు. ఆయన మొహం మీద చిన్న నవ్వు కూడా ఉంది. కనకం దుప్పటి పక్కకి తీసింది. గూడూరు ఆటో హారను వినిపిస్తే ఒక్క క్షణం అటు చూసింది. పుల్ల ఇంకా ఆమె ఒళ్ళోనే ఉంది.

“తెలుస్తోంది కనకం. బొటనవేలు.”

ఆమె తల తిప్పి ఆయన మొహంలోకి చూసింది. కళ్ళు గట్టిగా మూసుకుని, పరీక్ష రాస్తున్న పిల్లాడిలా జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. నిన్నటి చిటికెనవేలు ఏమిటో అప్పుడర్థమైంది ఆమెకి. డెక్కు మీద జారి పడ్డానన్న గొంతే ఇది. ఈయన ఇలా చెప్తూనే ఉంటాడు, వచ్చే నెల గుడివాడలో మేధ గారి చేతిలో పుల్ల తేల్చే దాకా. ఇంకా ఇరవై ఎనిమిది రోజులుంది.

“బొటనవేలే మావా” అంది కనకమహాలక్ష్మి.